ఆ లక్షా అరవై వేలకి ఇప్పటికే పని ఉంది

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర లంక గ్రామం. పాపకి అయిదేళ్లు, యూకేజీ అయింది. బాబుకి రెండున్నర. ఇప్పుడు నాకు ఆరో నెల. ఆగస్టు మొదటి వారంలో కాన్పు అన్నారు. బాబు ఆపరేషన్ అయి పుట్టాడు, ఈసారి కూడా ఆపరేషనే చేస్తామని, 60 వేలు అవుతుందని నర్సాపురం డాక్టరమ్మ చెప్పారు. మావారికి 33 ఏళ్లు. రొయ్యల చెరువుల మీద మోటార్లు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు బాగు చేస్తారు, సరాసరిన నెలకి 22 వేలు వస్తుంది. నేను జాకెట్లు కుట్టి 6 వేలు తెస్తాను. అర ఎకరం కొబ్బరి తోట మీద రెండు నెలలకో దింపుకి ఖర్చులు పోను 4 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు నెలకి 26 వేలు. శ్లాబుకి తెచ్చిన లక్ష అప్పుకి రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. ఎనిమిది కాసుల బంగారం ఉంది. మొన్న మా నాన్నగారు స్థలం అమ్మి నా వాటా 1,60,000 ఇచ్చారు. ఏజెంటు గారు ఏడాదికి 50 వేలు కట్టే పిల్లల పాలసీ తీసుకోమంటున్నారు. అత్తయ్యగారు బంగారం కొనమంటున్నారు. మావారేమో ఈ డబ్బుతో పాటు కొంత బంగారం కూడా పెట్టి స్నేహితుడితో చెరువు లీజుకి తీసుకుందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముగ్గురూ మీ మేలు కోరేవాళ్లే, కాదనను. కానీ ఆ డబ్బుకి ఇప్పుడు చేయాల్సిన పని ఏమిటని ముగ్గురిలో ఒక్కరూ అడిగినట్టు లేదు. మీ ఉత్తరం చదివి నేను చేసిన మొదటి పని జులై నుంచి డిసెంబరు దాకా మీ ఇంటి లెక్క కాగితం మీద వేయడం. మీరూ ఒకసారి వేసి చూడండి.

ఇప్పుడు మీ ముగ్గురు సంపాదనపరులూ, అంటే మీవారు, మీ మిషను, కొబ్బరి తోట కలిసి నెలకి 30 వేలు తెస్తున్నారు. ఖర్చు 26, వడ్డీ 2. మిగిలేది రెండు వేలు. జులై నుంచి మిషను ఆగిపోతుంది. ఆపరేషన్ అయిన మనిషి మూడో నెలలోనే మిషను ముందు కూర్చుంటే నడుం ఊరుకోదు, కాబట్టి ఆరు నెలలు లేనట్టే లెక్కేశాను. అప్పుడు నెలకి నాలుగు వేలు లోటు, మొత్తం 24 వేలు. బిడ్డకి నీళ్లు పోసే ఆవిడకి, గిన్నెలు తోమే మనిషికి, పాపని బడికి దింపే ఆటోకి, రోజూ అదనంగా అరలీటరు పాలకి నెలకి ఇంకో నాలుగు వేలు వేసుకోండి. అదొక 24 వేలు. ఆపరేషన్‌కి 60. పుట్టిన బిడ్డకి కామెర్లనో, ఊపిరి సరిగ్గా లేదనో రెండు మూడు రోజులు ఐసీయూలో పెట్టాలంటే ఆ బిల్లు డాక్టరమ్మ చెప్పిన 60 వేలలో ఉండదు. చాలా ఇళ్లలో వడ్డీ వ్యాపారి తలుపు తట్టేది ఆ రాత్రే. దానికి 30 వేలు విడిగా ఉంచండి. అన్నీ కలిపితే 1,38,000. మీ చేతిలో ఉన్నది 1,60,000. మిగిలేది 22 వేలు. పాలసీకీ బంగారానికీ చెరువుకీ పంచాల్సింది ఈ 22 వేలే. ఇలా చూస్తే వాదన సగం తగ్గిపోతుంది.

చెరువు సంగతి కొంచెం విడమరచి చెబుతాను. మీవారికి చెరువుల పని వెన్నతో పెట్టిన విద్య. ఆయన నమ్మకాన్ని తీసిపారేయను. అయితే ఆయనకి తెలిసింది మోటారు, ఏరియేటరు. సీడు, మేత, నీటి పరీక్షలు వేరే విద్య. ఈ వేసవిలో రొయ్యపిల్ల వదిలితే పట్టుబడికి వచ్చేది సరిగ్గా మీ కాన్పు రోజుల్లోనే. నడి పంటలో తెల్లమచ్చ తెగులు తగిలితే రొయ్య చిన్నగా ఉండగానే పట్టేసి, ఎంతొస్తే అంతకి అమ్ముకోవాలి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు చెరువులో ఏ తెగులూ లేని రైతు కూడా ధర పడిపోయి గిలగిల్లాడాడు. పెట్టుబడి పోయినా తట్టుకోగలిగిన ఏడాది చెరువు పెట్టొచ్చు. ఈ ఏడాది మీకు అలాంటిది కాదు. ఇంకో మాట. చెరువులు ఎవరివి ఎలా పోయినా మీవారి రిపేరు పని సాగుతూనే ఉంటుంది. సొంతంగా చెరువు పెడితే ఇంటి రెండు ఆదాయాలూ ఒకే నీళ్లలో పడతాయి.

చెరువు గట్టు మీద తడి కాళ్లతో కరెంటు పని చేసే మనిషి ఆయన. నన్ను ఎక్కువగా భయపెట్టింది మీ ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యం. పిల్లల పేరున ఏడాదికి 50 వేలు కట్టడం కంటే ముందు పిల్లల తండ్రికి బీమా ఉండాలి. ఈ వారమే ఆయన బ్యాంకు ఖాతా మీద రెండు పథకాలు పెట్టించండి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, ఎలా పోయినా 2 లక్షలు, కాకపోతే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే ఇస్తారు. ఇవి చాలవు, మొదలు మాత్రమే. ముగ్గురు పిల్లలున్న ఇంటికి 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా, కావాలి. సిగరెట్టు అలవాటు లేని ఆ వయసు వాళ్లకి ఏడాదికి సుమారు ఏడెనిమిది వేలు అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట. చిక్కు ఎక్కడంటే, కంపెనీ ఆదాయానికి రుజువు అడుగుతుంది. చెరువు గట్టు మీద చేతికి డబ్బు తీసుకునే మీవారి దగ్గర అది ఉండదు. పన్ను పడకపోయినా ఈ ఏడాది ఐటీ రిటర్ను వేయించండి. బీమా దరఖాస్తులో చెరువుల మీద కరెంటు పని అని ఉన్నదున్నట్టు రాయించండి. 'షాపు' అని రాస్తే ప్రీమియం నాలుగు డబ్బులు తగ్గుతుందని ఏజెంటు చెప్పినా వినకండి. రేపు క్లెయిము దగ్గర ఆ ఒక్క మాటే అడ్డొస్తుంది.

అత్తయ్యగారి బంగారం మాటలో ఒక మంచి ఉంది, ఆవిడ అనుకున్న దారిలో కాదు. ఉన్న ఎనిమిది కాసుల్లో రెండు మూడు కాసులు బ్యాంకులో కుదువ పెట్టి లక్ష తెచ్చి, రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి. అది ఏడాదికి 24 శాతం, 24 వేలు. బ్యాంకు బంగారం రుణానికి తొమ్మిది పది శాతం, అంటే పది వేల లోపు. పద్నాలుగు వేలు ఇంట్లో మిగులుతాయి. బంగారం పెట్టడం పరువు తక్కువని ఆవిడ అనొచ్చు. వడ్డీకిచ్చినాయన ప్రతి నెలా ఒకటో తారీఖున గుమ్మంలో నిలబడటం కంటే తక్కువేమీ కాదని నెమ్మదిగా చెప్పండి. ఇలా మిగిలినది బంగారం విడిపించడానికే వాడాలి. ఆ రుణం ఏడాదికోసారి తిరగరాసుకుంటూ పోతే వస్తువు తిరిగి మెడలోకి రాదు.

ఇక డబ్బు ఎక్కడ ఉంచాలి. 60 వేలు ఒక ఎఫ్‌డీ, 30 వేలు ఒక ఎఫ్‌డీ, మిగతాది సేవింగ్స్‌లో. ఒకటే పెద్ద ఎఫ్‌డీ వేస్తే పదివేలు కావాలన్నా మొత్తం పగలగొట్టాలి. అది మీ పుట్టింటి డబ్బు కాబట్టి మొదటి పేరు మీదే ఉండాలి. కానీ రెండో పేరుగా మీవారిని చేర్చి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి. మీరు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు మీ ఫోను పిన్ను కోసం ఆయన వెతుక్కోకూడదు. పదిహేను వేలు నోట్లుగా ఇంట్లో ఉండాలి.

ఆగస్టు అంటే వరద కాలం. మీది లంక, ఆసుపత్రి నర్సాపురంలో. మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ, దాటడానికి పంటు. గోదావరి పోటు మీద ఉంటే పంటు ఆపేస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి నొప్పులొస్తే దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి, రోడ్డు మీదికి నీళ్లు రాకపోతేనే. అందుకని జులై మూడో వారానికే ఏటికి అవతల ఉండండి. పుట్టిల్లు అవతలి ఒడ్డునే అయితే అక్కడికి వెళ్లండి, లేకపోతే నర్సాపురంలో ఒక గది. మూడో పురుడు పుట్టింట్లో ఏమిటని అనేవాళ్లుంటారు. గది అద్దె మూడు నాలుగు వేలు ఇస్తారా అని వాళ్లనే అడగండి. బాబుని మీతో తీసుకెళ్లండి. పాప బడి జూన్‌లోనే తెరుస్తారు కాబట్టి తను నాన్న, నాయనమ్మల దగ్గర ఉంటుంది. ఆ నెలంతా రెండు పొయ్యిలు వెలుగుతాయి. పైన నెలకి నాలుగు వేలు అదనం వేసింది అందుకు కూడా.

ప్రైవేటులోనే అని ఇంకా తీర్మానించుకోకపోతే ప్రభుత్వాసుపత్రిని ఒకసారి చూసి రండి. జననీ శిశు సురక్ష కింద ఆపరేషన్, మందులు, భోజనం ఉచితం. పుట్టిన బిడ్డకి జబ్బు చేసినా వైద్యం ఉచితమే. ఇంటికి దింపడానికి 102 బండి, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, ఉంది. మీకు మనసొప్పితే 90 వేలు అలాగే మిగులుతాయి. ఒప్పకపోతే నేను బలవంతం చేయను. ముందు ఆపరేషన్ అయిన మనిషికి నమ్మకమున్న డాక్టరు విలువ నాకు తెలుసు.

5 వేలు వస్తాయని ఎవరో చెప్పే ఉంటారు. మాతృ వందన డబ్బు మొదటి కాన్పుకి 5,000, రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. మూడో కాన్పుకి లేదు. అంగన్‌వాడీలో గుడ్లు, పాలు మాత్రం వదలకండి. పాప ఒకటో తరగతికి వస్తోంది కాబట్టి తల్లికి వందనం ఆశ ఉంది. 2025లో బిడ్డకి 15,000లో బడి నిర్వహణకి 2,000 పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేశారు. మీ ఖాతాకి ఆధార్ అనుసంధానం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. డబ్బు పడ్డాకే లెక్కలోకి తీసుకోండి. పడితే అందులో కొంత పెట్టి పాప పేరున సుకన్య ఖాతా, అంటే ఆడపిల్లల పొదుపు ఖాతా, తెరవండి. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, వడ్డీ 2024 నుంచి 8.2 శాతం దగ్గరుంది. ఏజెంటు గారి పాలసీకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

నవ్వకండి, బాబు డైపర్లు కూడా ఆర్థిక విషయమే. రోజుకి మూడు, ఒక్కోటి పది పన్నెండు రూపాయలు, నెలకి వెయ్యి. మీరు ఇంట్లో తిరగగలిగిన ఈ రెండు నెలల్లోనే వాడికి అలవాటు మాన్పించండి. చంటిబిడ్డ వచ్చాక వాడు మళ్లీ పక్క తడుపుతాడు, అది మామూలే, తిట్టకండి. చిన్నదానికో చిన్నవాడికో పాత నేత చీరలు చింపి ఉతికి పెట్టుకుంటే మూడు నెలలు గడుస్తుంది.

బారసాల 10 వేలు దాటనివ్వకండి. ఆ 22 వేల మిగులులో టర్మ్ ప్రీమియం పోగా ఉండేది అంతకంటే కొంచెమే ఎక్కువ. జనన నమోదుకి మాత్రం బారసాల దాకా ఆగొద్దు. 21 రోజుల లోపు ఖర్చు లేకుండా అయిపోతుంది, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. ఆసుపత్రి నుంచి వచ్చే ముందే ఫారంలో మీ ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉన్నాయో లేదో మీవారిని కూర్చోబెట్టి చదివించండి. బియ్యం కార్డులో బిడ్డని ఎక్కించడానికి, రేపు బడిలో వేయడానికి ఆ కాగితమే అడుగుతారు.