కారు బెల్టులు నేనే మార్చుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. నెల జీతం రూ.42,000. 2012 మోడల్ శాంత్రో జింగ్ కారు ఉంది. ఆల్టర్నేటర్ బెల్టు, ఏసీ బెల్టు, టైమింగ్ బెల్టు మార్చాలని రూ.12,400 ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో లేబరే రూ.5,500 (బయటి రెండు బెల్టులకు రూ.1,300, మిగతాది టైమింగ్ బెల్టుకు). రూ.3,900 పెట్టి టూల్ సెట్ కొని, వీడియోలు చూసి నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. రూ.60,000 ఎఫ్‌డీ తప్ప చేతిలో డబ్బు లేదు. దాన్ని కదపకుండా మొత్తం క్రెడిట్ కార్డు మీద 6 నెలల ఈఎంఐ పెట్టనా?

జవాబు: మీ లెక్కలో చివరికి మిగిలేది రూ.1,600. దాని కోసం టైమింగ్ బెల్టు జోలికి మాత్రం వెళ్లకండి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌తో పాటు, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ సరైన సమయానికి తిరిగేలా చూసేది ఆ బెల్టే. బిగించేటప్పుడు గుర్తులు తప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఇక హెడ్ (ఇంజిన్ పైభాగం) దింపాల్సిందే. మామూలు కాంప్రహెన్సివ్ బీమా పాలసీలో మెకానికల్ నష్టానికి క్లెయిమ్ రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకున్నా అది ప్రధానంగా ఇంజిన్‌లోకి నీళ్లు పోవడం, ఆయిల్ లీకవడం లాంటి వాటికే.

బయటి రెండు బెల్టులు మీరు నిక్షేపంగా మార్చుకోవచ్చు. అయితే రూ.1,300 లేబర్ కోసం రూ.3,900 సెట్ కొనకండి, తెలిసినవాళ్ల దగ్గర స్పానర్లు అడిగి తెచ్చుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాత బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫొటో తీసుకోండి. కారు ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి. బిగువు మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. మరీ లాగి బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగ్ పోతుంది, వదులైతే బెల్టు జారి కీచుమంటుంది. పాత బెల్టు మీద ఆయిల్ మరకలుంటే ముందు ఆ లీకు చూపించండి, లేకపోతే కొత్తదీ త్వరగా పాడవుతుంది.

టైమింగ్ బెల్టుకు ఆటోనగర్‌లో ఇంకో ఇద్దరు మెకానిక్‌లను రేటు అడగండి. మీ ఊళ్లోనే అంత పెద్ద ఆటోనగర్ ఉండగా ఒకే ఎస్టిమేట్‌తో ఆగిపోవడం నాకు నచ్చలేదు. టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే భాగం) కూడా కలిపి అడగండి. పార్టులు ఒరిజినల్‌వి, బిల్లుతో కొనండి. బెల్టు మార్చాల్సిన గడువు దాటి ఉంటే మాత్రం వాయిదా వేయొద్దు.

ఇక డబ్బు సంగతి. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకున్నా, రూ.12,400కి 6 నెలల ఈఎంఐలో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు రూ.650 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఎఫ్‌డీలో కొంత భాగమే తీసుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి. గడువుకు ముందు తీస్తే చాలా బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం దాకా కోస్తాయి. బయటి బెల్టుల లేబర్ పోగా మీకు కావాల్సిన సుమారు రూ.11,000 మీద అది ఏడాదికి రూ.110. ఇలాంటి అవసరానికి కాకపోతే ఆ ఎఫ్‌డీ ఇంకెందుకు? తీసిన డబ్బు తిరిగి చేరడానికి వచ్చే నెల నుంచి రూ.1,000 ఆర్‌డీ మొదలుపెట్టండి. అది నిండాక కూడా ఆపకండి, మీ కారు వయసుకు టైర్లు, బ్యాటరీ ఖర్చులు వరసలోనే ఉంటాయి.