సాగిన చర్మం గురించి పెద్దమ్మ రాసే ఉత్తరం

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ముప్ఫై ఐదు కిలోలు తగ్గాక కూడా స్నానాల గదిలో అద్దం వైపు చూడలేకపోతున్నానన్నావు. "లావుగా ఉన్నప్పుడే నయం, కనీసం నిండుగా ఉండేదాన్ని" అని రాశావు చూడు, ఆ మాట నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. బరువు తగ్గినవాళ్ళలో చాలామంది అనుకుంటారు, పైకి అనరు. చుట్టూ అందరూ "ఎంత తగ్గావో!" అని మెచ్చుకుంటుంటే నోరు విప్పి ఏం చెబుతాం? ఓదార్చడానికి మీ అమ్మ ఉంది కాబట్టి ఆ పని ఆవిడకే వదిలేసి, నాకు తెలిసిన సంగతులు రాస్తాను.

ముందు ఒక పని చెయ్యి. పొట్ట కింద వేలాడుతోందన్న చోట బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చూడు. చేతి వెనకవైపు చర్మంలా పల్చగా వచ్చిందంటే అది ఒట్టి చర్మమే. మెత్తగా, దళసరిగా వేళ్ళ మధ్య నిండిందంటే లోపల ఇంకా కొవ్వు ఉన్నట్టు. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే కొవ్వుకి చేసే పని వేరు, చర్మానికి చేసే పని వేరు. ఇంకో ఐదు కిలోలు తగ్గితే చర్మం అదే బిగుస్తుందని కడుపు మాడ్చుకునేవాళ్ళను చూశాను. ఒంట్లో తగ్గడానికి కొవ్వు పెద్దగా మిగలనప్పుడు కరిగేది కండ. కండ పోతే చర్మం ఇంకా వదులుగా కనిపిస్తుంది.

ఇంతకీ చర్మం ఎందుకు వెనక్కి పోదంటే, దాని లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అని రెండు రకాల పోగులుంటాయి. చర్మానికి గట్టిదనం కొల్లాజెన్ వల్ల వస్తుంది. సాగినది మళ్ళీ యథాస్థితికి రావడం ఎలాస్టిన్ పని. ఈ ఎలాస్టిన్ చాలావరకు చిన్నతనంలోనే తయారవుతుంది. పెద్దయ్యాక దెబ్బతిన్న పోగుల బదులు శరీరం కొత్తవి వేసుకోవడం బాగా తక్కువ. నీ పొట్ట మీద తెల్లటి చారలున్నాయి కదా, లోపలి పొర చిరిగి మానితే పడ్డ మచ్చలే అవి. అవి ఎక్కువగా ఉన్నచోట చర్మం వెనక్కి రావడం కష్టం. ఎన్ని కిలోలు తగ్గాం, ఆ బరువును ఎన్నేళ్ళు మోశాం, వయసెంత, కాన్పులెన్ని, అమ్మానాన్నల నుంచి ఎలాంటి చర్మం వచ్చింది, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఎండ, సిగరెట్టు పొగ కూడా ఈ పోగుల్ని పాడుచేస్తాయి. మొత్తం జాబితాలో ఇప్పుడు మన చేతిలో ఉన్నవి ఆ చివరి రెండే.

మెల్లగా తగ్గి ఉంటే ఇలా అయ్యేది కాదని జిమ్‌లో ఎవరో అన్నారని రాశావు. అంత బరువు తగ్గినప్పుడు మెల్లగా తగ్గినా త్వరగా తగ్గినా చర్మం మిగులుతుంది. ఆ మాటను మనసులో పెట్టుకోకు. అన్నవాళ్ళు ఎన్ని కిలోలు తగ్గారో కనుక్కో కావాలంటే.

ఇప్పుడు అన్నిటికంటే అవసరమైనది, ఎవరూ సరిగా చెప్పనిది మడతల సంగతి. అందం తర్వాత చూసుకోవచ్చు. పొట్ట మడత కింద, రొమ్ముల కింద, గజ్జల్లో, తొడల మధ్య చర్మం మీద చర్మం పడి ఉంటుంది. గాలి ఆడదు, చెమట ఆరదు. నడిచినప్పుడల్లా ఒరుసుకుని ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, ఆ తడిలో ఫంగస్ చేరుతుంది. నీకు పొట్ట కింద ఎర్రగా అయి దురద పెడుతోందని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాకు మాత్రం నీ మెసేజ్ మొత్తంలో అదే ముఖ్యమనిపించింది.

స్నానం అయ్యాక మడతను ఒక చేత్తో పైకెత్తి, మెత్తటి పొడి గుడ్డతో అద్దు. రుద్దకు. అద్దాక వెంటనే బట్టలు వేసుకోకుండా మంచం మీద వెల్లకిలా పడుకుని, మడత విప్పుకునేలా చర్మాన్ని పైకి పట్టుకుని కాసేపు ఫ్యాను గాలి తగలనివ్వు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే వేడి లేకుండా చల్లగాలి మీద పెట్టుకోవచ్చు. బాగా ఆరాక జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పల్చగా రాస్తే ఒరుపు తగ్గుతుంది. బయటికి వెళ్ళే రోజు మడతలో శుభ్రమైన నూలు గుడ్డ ఒకటి మడిచి పెట్టుకుని, తడవగానే మార్చుకో. నా బ్యాగులో ఆ గుడ్డలు ఎప్పుడూ ఉండేవి, ఒక కవరులో పొడివి, ఇంకో కవరులో వాడినవి. వ్యాయామం అయ్యాక చెమట బట్టల్లో కూర్చుని ఫోను చూసుకోకు. పౌడరు దట్టంగా చల్లే అలవాటుంటే మానెయ్యి, చెమటలో ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది.

ఎరుపు ఉన్నచోట ఎవరో చెప్పారని మందుల షాపులో దొరికే ఏదో ట్యూబు రాసెయ్యకు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు రెండు రోజులు హాయిగా అనిపించి ఫంగస్‌ను పెంచుతాయి, అసలే సాగిన చర్మాన్ని ఇంకా పల్చబరుస్తాయి. చర్మం డాక్టరుకి చూపించు. ఫంగస్ అయితే దానికి తగ్గ మందు ఇస్తారు, సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఎరుపు పక్కలకు పాకుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెళ్ళు. షుగర్ ఉన్నవాళ్ళకైతే ఇది ఇంకా ముఖ్యం.

బిగుతుగా పట్టి ఉంచే షేప్‌వేర్ గురించి అడిగావు. నడకకీ పరుగుకీ అది చాలా సుఖం. చర్మం ఊగదు, లాగదు, ఒరుసుకోదు. పొట్ట మడత మొత్తం లోపలికి వచ్చేలా నడుము పైదాకా ఉన్నది తీసుకో, నీ సైజుదే తీసుకో. ఒక సైజు తక్కువది వేసుకుంటే అంచు దగ్గర చర్మం పైకి పొంగి అక్కడ కొత్త పుండు మొదలవుతుంది. తిమ్మిరి వచ్చినా, ఊపిరి ఆడనట్టు ఉన్నా తీసెయ్యి. అది వేసుకున్నంతసేపు పట్టి ఉంచుతుందే గానీ చర్మాన్ని బిగించదు.

కండ పెంచడం మాత్రం నిజంగా పనికొస్తుంది. చర్మం కింద ఖాళీ అయిన చోట కొంత నిండుతుంది. చేతులకి, తొడలకి, పిరుదులకి తేడా బాగా కనిపిస్తుంది, పొట్టకి తక్కువ. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తు. ఎప్పుడూ అవే బరువులు కాకుండా మెల్లగా పెంచుకుంటూ పో. ఒంటి బరువులో కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ప్రోటీన్ అందేలా చూసుకో. కిడ్నీ సమస్య ఉంటే డాక్టరు చెప్పిన లెక్కే. నువ్వు ఇంత తగ్గే క్రమంలో తిండి బాగా తగ్గించి ఉంటావు, ఒకసారి ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు కూడా చేయించుకో. జుట్టు కూడా ఊడుతోందంటే ఇది మరీ అవసరం.

డబ్బు దండగ విషయాలు తొందరగా చెప్పేస్తాను. బిగించే క్రీములు ఇంత చర్మాన్ని బిగించలేవు. మామూలు మాయిశ్చరైజరు రాస్తే పొడిబారకుండా కాస్త నునుపుగా కనిపిస్తుంది, అది చాలు. కొల్లాజెన్ పొడి తాగితే కడుపులో ముక్కలై మిగతా ప్రోటీన్‌లా అరుగుతుంది, తిన్నగా నీ పొట్ట చర్మంలోకి వెళ్ళి కూర్చోదు. చర్మం బిగించడానికని క్లినిక్కుల్లో పెట్టే రేడియో ఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్ మిషన్లు కొద్దిగా వదులైన చర్మానికి కొంచెం పనిచేస్తాయి, మడతలు పడి వేలాడేదానికి కాదు. లైపోసక్షన్ అయితే కొవ్వు లాగేస్తుంది గానీ చర్మాన్ని తీయదు. దానివల్ల ఇంకా వదులవ్వచ్చు.

ఇక మిగిలింది ఆపరేషన్. నేను పొట్టకి చేయించుకున్నాను, చేతులు అలాగే వదిలేశాను. రెండింటికీ సంతోషంగానే ఉన్నాను, కాబట్టి చేయించుకోమనీ అనను, వద్దనీ అనను. తొందరపడి చేయించుకోవడం మాత్రం వద్దంటాను. బరువు తగ్గడం ఆగాక ఏడాది, ఏడాదిన్నర పాటు చర్మం దానంతట అది కొంత సర్దుకుంటుంది, నీ వయసులో మరికాస్త ఎక్కువే. పైగా బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిస్తే తప్ప మంచి సర్జన్ కత్తి పట్టుకోడు. చేయించుకున్నాక మళ్ళీ పెరిగితే కుట్టిన చర్మం మళ్ళీ సాగుతుంది, ఇంకా తగ్గితే మళ్ళీ వేలాడుతుంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే అదయ్యాకే పొట్ట సంగతి.

పొట్టకి రెండు రకాలుంటాయి, కలిపేసుకోకు. పానిక్యులెక్టమీ అంటే వేలాడే మడతను కోసి తీసెయ్యడం, అంతే. టమ్మీ టక్‌లో పై చర్మం కూడా కిందికి లాగి కుడతారు, బొడ్డును కొత్త చోట అమరుస్తారు, కాన్పుల వల్ల విడిపోయిన కండరాలను దగ్గరకు చేర్చి కుడతారు. మడతల్లో పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళకు మొదటిదానికి కొన్నిచోట్ల బీమా వర్తిస్తుంది. అందుకే ఇప్పటి నుంచే డాక్టరు చీటీలు దాచుకో, ఎరుపు వచ్చినప్పుడల్లా తేదీతో ఫొటో తీసి పెట్టుకో. అందం కోసం అని రాస్తే బీమా సాధారణంగా రాదు.

చర్మం పోతుంది, దాని బదులు గీత వస్తుంది. ఇది బాగా ఆలోచించుకోవాల్సిన బేరం. పొట్టకైతే ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా గీత, అది లోదుస్తుల కింద దాగుతుంది. చేతులకైతే చంక నుంచి మోచేతి దాకా పడుతుంది, చెయ్యెత్తితే కనిపిస్తుంది. తొడలకి గజ్జల నుంచి కిందికి. గీత ఎర్రగా మొదలై వెలిసేసరికి ఏడాది పైనే పడుతుంది. నా చేతులు ఎందుకు వదిలేశానంటావా? వేలాడే చర్మం పొడుగు చేతుల చొక్కాలో దాగినట్టే గీతా దాగుతుంది, మరి దాచుకోవడానికే అయితే కోత ఎందుకు అనిపించింది. నీకు వేరేగా అనిపించవచ్చు.

ఆపరేషనయ్యాక మొదటి రోజుల్లో నిటారుగా నిలబడలేం. నడుం వంచుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు నడిచేదాన్ని. నీరు లాగే గొట్టం, దాని చివర చిన్న సీసా నైటీకి పిన్నుతో పెట్టుకుని తిరిగాను, అందులో ఎంత వచ్చిందో రోజూ రాసిపెట్టమన్నారు. పనిలోకి వెళ్ళడానికి రెండు నుంచి నాలుగు వారాలు, బరువులెత్తడానికి ఆరు వారాలు ఆగాలి. చంటిపిల్ల ఉన్న ఇల్లు నీది, ఎత్తుకోవడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే. లోపల నీరు చేరడం, కుట్లు విడిపోవడం, ఇన్ఫెక్షన్, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటివి జరగవచ్చు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకూడదు. పొగతాగే అలవాటున్నవాళ్ళు కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యాలి, లేకపోతే కోత సరిగా మానకపోవచ్చు. ఇప్పటికీ నా బొడ్డు కింద అరచెయ్యంత మేర తాకితే ఎవరిదో పొట్ట తాకినట్టుంటుంది. తిమ్మిరి కొందరికి అలాగే ఉండిపోతుంది.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంత బరువు తగ్గినవాళ్ళకి ఎన్నేళ్ళుగా చేస్తున్నారో అడుగు, నీలాంటి ఒంటి ఫొటోలు చూపించమను, కోత గీత ఎక్కడ పడుతుందో పెన్నుతో ఒంటి మీదే గీయించుకో. అన్నీ ఒకేసారి చేసేస్తానన్న మనిషి దగ్గర జాగ్రత్త. ఖర్చులో మత్తు, గది, బిగుతు బట్ట, తర్వాత ఏదైనా సరిచేయాల్సి వస్తే అయ్యేది, అన్నీ కలిపి కాగితం మీద రాయించుకో.

అల్లుడుగారి ముందు లైటు ఆర్పేస్తున్నానని రాశావు. అడగకుండా సలహా ఇస్తున్నాననుకోకు గానీ, ఒకసారి పగటిపూట నువ్వే కూర్చోబెట్టి చెప్పు. ఎక్కడ ముట్టుకుంటే నొప్పో, ఎక్కడ ఇబ్బందో, ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నావో లేదో చెప్పు. చెప్పకపోతే ఆయన ఏదో వేరే కారణం ఊహించుకుంటారు. అద్దం చూసినప్పుడల్లా తిండి మానెయ్యాలనిపించినా, ఎవరినీ కలవబుద్ధి కాకపోయినా దాన్ని దాచకు, మనసు డాక్టరుకి చెప్పు. బాగా బరువు తగ్గినవాళ్ళలో ఈ బాధ మామూలే, దానికి సాయమూ ఉంది.

ఈ వారం చర్మం డాక్టరును కలువు. వచ్చే సోమవారం నుంచి వారానికొకసారి, పొద్దున్నే ఒకే సమయంలో బరువు చూసి రాసుకో. ఆరు నెలల తర్వాత ఆ కాగితం పట్టుకుని ఇక్కడికి రా, సర్జన్ దగ్గరికి వెళ్ళాలనిపిస్తే నేను కూడా వస్తాను.

మీ పెద్దమ్మ