ట్యాంకులో నీళ్లు, మీటరులో యూనిట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కావలి. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, బోరుకు ఒక హెచ్‌పీ మోటారు ఉన్నాయి. నెలకు 190 యూనిట్లకు అటూ ఇటూగా ఉండే వాడకం రెండు నెలలుగా 235 చూపిస్తున్నది. కొత్త వస్తువేదీ కొనలేదు, చుట్టాలెవరూ వచ్చి ఉండలేదు. మీటరు మీద ఫిర్యాదు చేయమంటారా? – ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా చేయవచ్చు, అయితే అంతకు ముందు ఒక్క రాత్రి మీ ట్యాంకును పరీక్షించండి. పెరిగిన 45 యూనిట్లను ముప్పై రోజులకు పంచితే రోజుకు ఒకటిన్నర యూనిట్లు వస్తాయి. ఒక హెచ్‌పీ మోటారు గంటసేపు తిరిగితే సుమారు ఒక యూనిటు కాలుతుంది కనుక, రోజూ గంటన్నరపాటు మోటారు అదనంగా తిరుగుతున్నా ఇదే తేడా కనిపిస్తుంది. ఈ మధ్య మోటారు ఎన్నిసార్లు వేస్తున్నారో ఇంట్లో ఆడవాళ్లను అడిగి చూడండి. స్విచ్ దగ్గర ఉండేది వాళ్లే కాబట్టి మీకన్నా వాళ్లకే బాగా తెలిసి ఉంటుంది.

రాత్రి పడుకోబోయే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి ఒక కర్ర దించి, నీటి మట్టం దగ్గర దారం కట్టి ఉంచండి. తెల్లవారి మళ్లీ దించినప్పుడు మట్టం దారం కన్నా కిందికి జారి ఉంటే నీరు ఎక్కడో పోతున్నట్టే. మరునాటి రాత్రి ట్యాంకు కింది గేట్ వాల్వు కూడా కట్టి ఇలాగే చూస్తే, లోపం ట్యాంకులో ఉన్నదో ఇంటి పైపులలో ఉన్నదో తేలిపోతుంది. చాలా ఇళ్లలో దొంగ దొరికేది మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులోనే. చప్పుడు చేయకుండా సన్నని ధారగా కమోడులోకి జారిపోయే నీరు కంటికి ఆనదు. బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి, పావుగంటపాటు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడండి. కమోడులో నీలం కనిపిస్తే లోపలి రబ్బరు వాషరు అరిగిపోయిందని అర్థం. దానిని మార్చడానికి అయ్యే ఖర్చు మీ బిల్లులో పెరిగిన మొత్తం కన్నా తక్కువే ఉంటుంది: 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం 225 యూనిట్ల వరకు యూనిటుకు ఆరు రూపాయలు, ఆ పైని పది యూనిట్లకు ఒక్కొక్కదానికి ఎనిమిది రూపాయల డెబ్బై అయిదు పైసల చొప్పున లెక్క వేస్తే, ఇతర చార్జీలు కాక నెలకు దాదాపు 300 రూపాయలు మీరు ఊరికే కడుతున్నారు.

మట్టం జారకపోయినా ట్యాంకు నిండడానికి మునుపటి కన్నా ఎక్కువ సేపు పడుతుంటే, బోరులో నీరు అడుగంటిందా, మోటారు అరిగిందా అన్నది మెకానిక్ చేత చూపించుకోవాలి. ఇవేవీ కాకపోతే అప్పుడు మీటరును అనుమానించండి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఫ్లోరైడు భయంతో ఇంట్లో ఆర్వో యంత్రం పెట్టించుకున్నాము. బిందె మంచినీళ్లు వచ్చేలోగా మూడు బిందెలు కాలువలోకి పోతున్నాయి. వేసవిలో బోరే అంతంత మాత్రంగా పోసే మా ఊళ్లో ఇన్ని నీళ్లు పారబోయడానికి ప్రాణం ఒప్పడం లేదు. ఈ నీటిని మొక్కలకో గేదెకో వాడుకోవచ్చా? – ఒక గృహిణి

జవాబు: మీ బాధ న్యాయమైనదే కాని, అమ్మా, గేదెకు మాత్రం ఆ నీరు పెట్టకండి. ఆర్వో యంత్రం ఫ్లోరైడును మాయం చేయదు, పక్కకు నెడుతుంది. మీ బోరు నీటిలో లీటరుకు రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకుందాము. నాలుగు లీటర్లలోని ఎనిమిది మిల్లీగ్రాములలో దాదాపు అంతా వ్యర్థంగా వచ్చే మూడు లీటర్లలోనే మిగులుతుంది కనుక, ఆ నీటిలో లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. తాగునీటిలో ఒకటిన్నర దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పశువులకు కూడా ఎముకలు, పళ్లు ఫ్లోరోసిస్‌తో, అంటే ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బుతో, పాడవుతాయి. మరిగిస్తే పోతుందని కొందరు నమ్ముతారు; ఆవిరయ్యేది నీరే కాని ఫ్లోరైడు కాదు కాబట్టి, మరిగించిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

వ్యర్థపు గొట్టాన్ని కాలువలోకి వదలకుండా ఒక డ్రమ్ములో పడేటట్టు పెట్టుకుని, మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, కాళ్లపట్టాలు నానబెట్టడానికి వాడుకోండి. గచ్చు తుడిస్తే ఆరిన తరువాత తెల్లని చారలు కనిపించవచ్చు, కంగారు పడనక్కరలేదు. ఆకుకూరల మడికి, కుండీలకు పోయవద్దు. ఫ్లోరైడు లాగే ఆ నీటిలో చిక్కబడిన ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. కొబ్బరి చెట్టు ఉప్పును కొంత ఓర్చుకుంటుంది, దానికైనా మామూలు నీటితో మార్చి మార్చి పోయడం మంచిది. బోరు పక్కన ఇంకుడు గుంత ఉంటే అందులోకి ఈ నీటిని అసలు వదలకండి, తిరిగి మీ బోరులోకే చేరుతుంది.

ఇంతకన్నా పెద్ద పొదుపు మరొకటి ఉంది. శుద్ధి చేసిన నీటిని తాగడానికి, వంటకు మాత్రమే పరిమితం చేసి, అంట్లు తోమడానికి, చేతులు కడగడానికి మామూలు నీళ్లు వాడితే, మిగిలిన ప్రతి బిందె వెనుకా బోరు నుంచి అదనంగా మూడు బిందెలు తోడే పని, దానికయ్యే కరెంటు తప్పుతాయి. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో డాబా మీద పడే వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు వేల లీటర్ల నీరు పడుతుంది. డాబా ముందుగా ఊడ్చుకుని, తొలి వానను వదిలేసి, తరువాతి నీటిని ఇసుక వడపోత గుండా మూత ఉన్న తొట్టెలోకి మళ్లిస్తే, కాచి వడగట్టి తాగవచ్చు. ఆ నీళ్లు ఉన్నన్నాళ్లూ మీ యంత్రానికి సెలవే.

ప్రశ్న: నెల్లూరులో ఎండలకు మా ఇంట్లో మూడు ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు నిజంగా అంత ధర పెట్టవచ్చా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఎక్కువసేపు తిరిగే ఫ్యానుకైతే పెట్టవచ్చు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, ఇది సుమారు 30 వాట్లు తీసుకుంటాయి. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు ఒక్కొక్క ఫ్యాను మీద ఇరవై ఒక్క యూనిట్లకు పైగా మిగులుతాయి. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వేసే ముందు గది ఫ్యానును మార్చవలసిన పని లేదు. కొత్తది బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరును తీయించి, నేరుగా స్విచ్‌కు కలిపించండి.

ప్రశ్న: ఒంగోలులో మా వీధికి రోజు విడిచి రోజు కుళాయి వస్తుంది. నీళ్లు రాగానే మా అత్తగారు డ్రమ్ములో మిగిలిన పాత నీళ్లన్నీ పారబోయించి కొత్తవి పట్టిస్తారు. నిల్వ నీళ్లు పాడవుతాయంటారు. ఆవిడకు ఎలా చెప్పాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి భయానికి కారణం లేకపోలేదు, మూత లేని డ్రమ్ములో దోమ గుడ్లు పెట్టి, వారం పది రోజులలో పిల్ల దోమలు ఎగురుతాయి. అయితే రెండు రోజుల నీటికి ఆ గండం లేదు. డ్రమ్ముకు సరిపడే మూత, దానిపైన పలుచటి గుడ్డ కట్టి ఉంచితే మిగిలిన నీటి మీదనే కొత్త నీరు పట్టుకోవచ్చు. వారానికి ఒకసారి మాత్రం, కుళాయి వచ్చే రోజు పొద్దుననే, అడుగున మిగిలిన నీటితో బట్టలు నానబెట్టి, డ్రమ్మును పీచుతో లోపలి అంచుల దాకా గట్టిగా తోమండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచు వెంట డ్రమ్ము గోడకు అతుక్కుని ఉంటాయి కనుక నీరు పారబోసినంత మాత్రాన అవి పోవు. ఈ చివరి మాట ఆవిడకు చెప్పి చూడండి, పారబోయడం మాని తోమడం మొదలుపెట్టవచ్చు.