డిపాజిట్ కట్టేశాక చేతిలో ఏముంటుంది?

ప్రశ్న: నాకు 68, మా ఆవిడకు 64. కాకినాడలో సొంత ఇల్లుంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో కిందటేడు 30 లక్షలు వేశాను. బ్యాంకులో 25 లక్షల ఎఫ్‌డీ, నెలకు 4,200 ఈపీఎస్ పింఛను ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీ చూసొచ్చాం. లీజు డిపాజిట్ 35 లక్షలు, భోజనాలతో కలిపి ఇద్దరికీ నెలకు 42 వేలు. ఎఫ్‌డీ తీసేసి, తక్కువపడే 10 లక్షలకు ఆవిడ బంగారం తాకట్టు పెట్టి, ఇల్లు అమ్ముడయ్యాక విడిపిద్దామనుకుంటున్నాం. అక్కడ డాక్టరు ఉంటారు కాబట్టి హెల్త్ పాలసీ ఆపేయొచ్చా?

సమాధానం: పాలసీ ఆపొద్దు. బంగారం లాకర్లోంచి తీయొద్దు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అన్నిటిలోనూ పొరపాటు ఒకటే: అక్కడ అన్నీ ఉంటాయి కదా అని ఉన్నదంతా డిపాజిట్‌లో పోసేయడం.

లెక్క చూడండి. 30 లక్షల మీద 8.2 శాతం వడ్డీ మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. పింఛనుతో 24,700. కట్టాల్సింది 42 వేలు. మొదటి నెల నుంచే 17,300 లోటు, దాని మీద బంగారం వడ్డీ. ఎఫ్‌డీ ఎటూ ఉండదు. స్కీము డబ్బు తీద్దామంటే ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే అసలులో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోస్తారు. ఇక చార్జీ ఏటా 8 శాతం పెరిగితే పదేళ్లకు 90 వేలు దాటుతుంది.

ఇల్లు ఫలానా నెలలో అమ్ముడవుతుందని ఎవరు చెప్పారు మీకు? బంగారం లోను ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ కలిపి అడుగుతుంది. అప్పటికి బేరం కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది, లేదా ఇల్లు అయినకాడికి అమ్ముకోవాల్సి వస్తుంది. 68 ఏళ్ల వయసులో ఈ జూదం దేనికి?

ముందు 10 లక్షలు విడిగా పెట్టండి, డిపాజిట్‌కు ఎంత తక్కువైనా సరే దీన్ని ముట్టుకోకూడదు. ఏడాది చార్జీలకే 5 లక్షలు పోతాయి. తుంటి ఎముక విరిగి ఆస్పత్రి నుంచి వచ్చాక మనిషి తోడు కావాలి. అది ఆ 42 వేలల్లో ఉండదు. రోజుకు వెయ్యి అనుకున్నా ఆరు నెలలకు 1.8 లక్షలు. మిగిలింది ఆస్పత్రి అడ్వాన్సుకు, పాలసీ ఇవ్వని ఖర్చులకు. 3 లక్షలు సేవింగ్స్ ఖాతాలో, మిగతా 7 లక్షలు లక్ష చొప్పున ఏడు ఎఫ్‌డీలుగా వేయండి, అవసరానికి ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. అన్నీ ఇద్దరి పేర్ల మీద, ‘ఈదర్ ఆర్ సర్వైవర్’గా (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే రెండోవారు తీసుకునేలా) ఉండాలి. అయినా గడువుకు ముందే ఎఫ్‌డీ విరగ్గొట్టాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగొచ్చు, ఒక్కరిది చాలేలా ముందే రాసివ్వడానికి వీలుందేమో కనుక్కోండి. ఐసీయూలో ఉన్నవారి సంతకం కోసం బ్యాంకు ఆగకూడదు.

అక్కడి డాక్టరు బీపీ చూస్తారు, మందు రాస్తారు. స్టెంటు వేయాలంటే బయటి ఆస్పత్రికే పోవాలి. ఇప్పుడు పాలసీ వదిలేసి మళ్లీ కొంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిం రాకుండా వెయిటింగ్ పడొచ్చు. 70 నిండాక మీకు ఆస్పత్రి ఖర్చులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, తీసుకోండి. కానీ దాన్ని నమ్ముకుని పాలసీ మానకండి.

బాత్రూంలో రాడ్లు, మంచం పక్కన అలారం బటన్ చూసి ముచ్చటపడి ఉంటారు. రాత్రి రెండింటికి ఆ బటన్ నొక్కితే వచ్చేది నర్సా, గేటు దగ్గరి గార్డా? అడగండి. 42 వేలు జీఎస్టీతోనా, కాకుండానా? కరెంటు మీటరు విడిగానా? ఒకరు పోతే రెండోవారి చార్జీ ఎంత తగ్గుతుంది? మతిమరుపు ముదిరితే అక్కడే ఉంచుకుంటారా, పంపేస్తారా? అన్నిటికన్నా ముఖ్యం, డిపాజిట్ వాపసు నిబంధన. ‘కొత్తవారు చేరిన తర్వాత’ అని ఉంటే దానికి గడువు లేనట్టే. ‘ఖాళీ చేసిన 90 రోజుల్లో’ లాంటి మాట, ఏటా డిపాజిట్‌లో కోత ఎంతన్నది ఒప్పందంలో రాయించుకోండి.

రివర్స్ మార్ట్‌గేజ్ (ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి విడతలుగా డబ్బు తీసుకోవడం) మీకు పనికిరాదు, అది ఉంటున్న ఇంటికే.

నెల అద్దెకు ఇచ్చే చోటైతే మూడు నెలలు ఉండి చూడండి. ఎఫ్‌డీ కదలదు. భోజనం నచ్చిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది, విజిటర్లకు పెట్టే ఆదివారం భోజనంతో కాదు. ఈలోగా కాకినాడ ఇంటి ఈసీ (ఇంటి మీద తాకట్లు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించి, పన్ను రసీదులు మీ పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ అయి డబ్బు ఖాతాలో పడ్డాకే డిపాజిట్ చెక్కు రాయండి.