కస్టమర్ ఎంచుకోకముందే ఫోటోలు ఎంతవరకు ఎడిట్ చెయ్యాలి?

ప్రశ్న: ఒంగోలులో కొత్తగా పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టాను. ఒక్కో షూట్‌లో 150 దాకా ఫోటోలు తీస్తాను, కస్టమర్లు పదో పదిహేనో కొంటారు. కొనకముందే అన్నీ పూర్తిగా ఎడిట్ చేసి చూపించాలా, లేక తీసినవి తీసినట్టే చూపించి, ఎంచుకున్నాక చెయ్యాలా? ఎడిట్ చెయ్యని ఫైళ్ళు కూడా ఇమ్మంటున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు:

తమ్ముడూ, కావలిలో పదహారేళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను. నువ్వడిగిన రెండు పద్ధతులూ చేశాను, రెండింట్లోనూ దెబ్బ తిన్నాను. ఇప్పుడు నేను చేసేది ఇది: వెలుగు, రంగు, క్రాపింగ్ మాత్రం చూపించే ప్రతి ఫోటోకీ సరిచేస్తాను. మొహం మీద చెయ్యి పెట్టేది, అంటే మచ్చలు గట్రా తీసే రీటచింగ్, వాళ్ళు ఎంచుకున్నాకే. ఎందుకిట్టా అంటే నా రెండు దెబ్బల సంగతీ చెప్పాలి.

మొదటిది ఒక ఓణీల ఫంక్షన్. అప్పుడే రా ఫైళ్ళలో (కెమెరా రంగులేవీ సరిచెయ్యకుండా దాచే ఫైళ్ళు) తీయడం మొదలుపెట్టిన కొత్త. ఫంక్షన్‌లోనే కెమెరా వెనక స్క్రీన్ మీద నాలుగు చూపిస్తే అమ్మాయి వాళ్ళమ్మ తెగ మురిసిపోయింది. మూడో రోజు స్టూడియోకి వచ్చారు. కంప్యూటర్‌లో అవే ఫోటోలు తెరిచాను, తీసినవి తీసినట్టే. పిల్ల మొహం చప్పగా, పట్టు పావడా రంగు వెలిసినట్టుగా ఉంది. వెంట వచ్చిన మేనత్త, "మా వాడి ఫోన్లోనే బాగొచ్చాయి గదయ్యా" అనేసింది. ఆల్బమ్ అనుకున్న ఆర్డరు ఒక్క ఫ్రేముతో ముగిసింది.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కెమెరా వెనక కనిపించేది కెమెరా తనంతట తాను రంగు, కాంట్రాస్టు వేసి తయారుచేసిన జేపెగ్ ప్రివ్యూ. రా ఫైలు అట్టా ఉండదు, వండని బియ్యం లాంటిది. ఇక ఫోన్ అయితే బటన్ నొక్కగానే నాలుగైదు ఫోటోలు కలిపి, నీడలు ఎత్తి, చర్మం నునుపు చేసి ఇస్తుంది. కస్టమర్ కంటికి ఇప్పుడు కొలత ఆ ఫోనే. మనం "ఎడిట్ అయ్యాక బాగుంటుందండీ" అని ఎంత చెప్పినా, ఎదురుగా ఉన్న చప్పటి మొహాన్ని చూస్తూ బాగున్న మొహాన్ని ఊహించుకోమంటే వాళ్ళ వల్ల కాదు. అది వాళ్ళ పని కూడా కాదు.

అందుకని చూపించబోయే ప్రతిదానికీ కనీసం రంగు సరిచెయ్యాలి. మన ఫంక్షన్లలో ఇదే పెద్ద పని. నలుగు పెట్టిన పెళ్ళికూతురి మొహమే తీసుకో. మొహం నిండా పసుపు, వెనక బంతిపూల తోరణాలు. కెమెరాని ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే ఈ పసుపంతా లైటు వల్ల వచ్చిందనుకుని తగ్గించబోతుంది, నీలం వైపు తోస్తుంది. పసుపు రాసిన బుగ్గ బూడిద రాసినట్టు అవుతుంది. ఇక ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న వాళ్ళని ఎండలో నిలబెడితే గడ్డం కింద చీర రంగు కొట్టి జబ్బుపడినట్టు కనిపిస్తారు. తుమ్మలపెంట బీచ్‌లో పొద్దున్నే సముద్రం వైపు తిరిగి నిలబడితే వెలుగు మొహం మీదకి వస్తుంది కాబట్టి మంచిదే గానీ, జనం ఎనిమిదింటికి బయల్దేరి తొమ్మిదింటికి వస్తారు. అలలు వెనక కనపడాలంటారు, సూర్యుడేమో ఇంకా సముద్రం వైపే ఉంటాడు. మొహాలు నల్లగా పడతాయి. ఆ నీడలు ఎత్తకుండా చూపిస్తే ఫోటో తీయడం రాదనుకుంటారు.

ఇదంతా చెప్పినంత పని కాదు. ఒకే వెలుగులో తీసిన ఇరవై ఫోటోల్లో ఒకటి సరిచేసి మిగతావాటికి సింక్ కొడితే (అవే మార్పులు వాటికీ కాపీ చేస్తే) సరి. అంతకన్నా ముందు చెయ్యాల్సింది, 150లో సగానికి పైగా తీసి పక్కన పెట్టడం. కళ్ళు మూసినవి, నోరు తెరిచినవి, ఒకే నవ్వు ఆరుసార్లు వచ్చినవి. నేను అరవై దాటి చూపించను. ఎక్కువ చూపిస్తే ఎక్కువ కొంటారనుకుంటాం గానీ, వందో ఫోటో దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి మొదటిది గుర్తుండదు. "ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్తాం" అంటారు. ఆ మాట వచ్చిందంటే ఆర్డర్ సగం పోయినట్టే.

ఇక రెండో దెబ్బ. ఓణీల ఫంక్షన్ దెబ్బ తర్వాత నాకు పంతం పట్టింది. అన్నీ పూర్తిగా చేసే చూపిస్తానని కూర్చున్నాను. లెక్క చూడు. ఒక మొహానికి శుభ్రంగా రీటచింగ్ చెయ్యాలంటే నాకు పావుగంట. 140 ఫోటోలకి 35 గంటలు. వాళ్ళు కొనేది పదిహేను, అంటే నాలుగు గంటల లోపు పని. మిగతా 31 గంటలూ ఎవరూ కొనని మొహాలకి పోసిన చమురు. ఆ టైమ్ మిగుల్చుకుందామనే ఒక తప్పు చేశాను.

సీమంతం షూట్. అమ్మాయికి నుదుటి మీద, బొట్టుకి అంగుళం పైన ఒక మొటిమ. మొదటి ఫోటోలో హీలింగ్ అనే మచ్చలు తీసే టూల్‌తో తీసేసి, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వరసలో ఉన్న ముప్పై ఫోటోలకీ సింక్ కొట్టాను. ఏయే మార్పులు కాపీ చెయ్యాలో అడిగే చోట హీలింగ్ దగ్గర టిక్ ఉంది, నేను తియ్యలేదు. సింక్ చేసిన హీలింగ్‌కి మొటిమ ఏదో బొట్టు ఏదో తెలియదు. ఫ్రేములో ఆ చోటు ఎక్కడుందో అక్కడ పక్క చర్మం తెచ్చి కప్పుతుంది, అంతే. కొన్ని ఫోటోల్లో అమ్మాయి తల పైకెత్తి నవ్వింది. ఎంత ఎత్తిందంటే, సరిగ్గా మొటిమ చోటికి బొట్టు వచ్చేంత.

నేను చూసుకోలేదు. స్టూడియోలో పెద్ద టీవీ మీద ఒక్కొక్కటే వేస్తున్నాను. అమ్మాయి, భర్త, అత్తగారు, ఆడపడుచు కూర్చున్నారు. టీ తాగుతున్నారు. ఒక ఫోటో పడింది. గాజుల చేతులు పొట్ట మీద, తల నిండా పూలు, మెళ్ళో దండ, నుదురు మాత్రం నున్నగా ఉంది. అత్తగారు టీ గ్లాసు కింద పెట్టింది.

"ఏందయ్యా ఇది? బొట్టు ఏదీ?"

నేను గబుక్కున తర్వాతి ఫోటోకి పోయాను. దాంట్లో బొట్టు సగం ఉంది. చందమామలాగా.

అమ్మాయి నవ్వబోయి అత్తగారి మొహం చూసి ఆపుకుంది. నిండు నెలల పిల్లకి బొట్టు చెరిపిన ఫోటో చూపించానంటే దానికి సంజాయిషీ ఏముంటుంది? సింక్, హీలింగ్ అని చెప్తే వింటారా? అట్టా పాడైన తొమ్మిది ఫోటోలూ వాళ్ళ ఎదురుగానే డిలీట్ చెయ్యమంది ఆవిడ. చేశాను. అందులో రెండు ఆ షూట్ మొత్తంలోకి మంచివి. రా ఫైళ్ళు ఉన్నాయి, బొట్టుతో సహా మళ్ళీ తెచ్చిస్తానని చెప్పే ధైర్యం ఆ పూట నాకు లేకపోయింది.

ఆ రాత్రి నేను పని నేర్చుకున్న గురువుగారు గుర్తొచ్చారు. మీ ఒంగోలులోనే ఆయన స్టూడియో ఉండేది, ఇప్పుడు లేదు. ఫిల్మ్ రోజుల్లో ఆయన నెగెటివ్ మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవారు. ఏటవాలు బల్ల, దాని మధ్యలో అద్దం, కింద నుంచి బల్బు వెలుగు. నెగెటివ్ మీద ముందు ఒక ద్రవం పల్చగా పూసి ఆరనిచ్చేవారు, లేకపోతే పెన్సిల్ గీత అంటదు. పెన్సిల్ మొన సూదిలాగా చెక్కుకుని చిన్న చిన్న కామాలు పెట్టినట్టు గీసేవారు. మొహం మీద నల్లటి మచ్చ నెగెటివ్‌లో తేటగా ఉంటుంది. దాన్ని చుట్టుపక్కల నలుపుతో సమానం చేస్తే ప్రింటులో మచ్చ పోతుంది. ఎక్కువ గీస్తే అక్కడ తెల్లటి చుక్క పడుతుంది. అంత కష్టం కాబట్టి ముందు చిన్న ప్రూఫ్ వేసి చూపించేవారు. వెలుగు సరిగ్గా ఉండేది, మచ్చలు ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. ఏది పెద్దది చెయ్యాలో వాళ్ళు చెప్పాకే పెన్సిల్ తీసేవారు. నేను ఇప్పుడు చేసేది అదే పద్ధతి.

దానికి నేను కలుపుకున్నది ఒకటే. వాళ్ళు వచ్చేలోపు వాళ్ళ షూట్‌లోంచే ఒక్క ఫోటో పూర్తిగా తయారుచేసి పెట్టుకుంటాను. ముందు అది చూపించి, "మీరు ఎంచుకున్నవి ఇట్టా వస్తాయి, మిగతావి ప్రూఫ్‌లు" అని చెప్తాను. వేరే వాళ్ళ శాంపిల్ చూపిస్తే "ఆ పిల్ల తెల్లగా ఉంది కాబట్టి" అంటారు. తమ మొహమే చూశాక ఆ మాట రాదు. వాళ్ళు ఊహించుకోవాల్సిన అవసరమూ ఉండదు. పావుగంట పని, కానీ అమ్మకంలో సగం అదే చేస్తుంది.

ఎంచుకున్నాక ఎంత చెయ్యాలన్నది అసలు చిక్కు. వారం పది రోజుల్లో తనంతట తాను పోయేదాన్ని అడక్కుండానే తీసేస్తాను. మొటిమ, దోమకాటు, నిద్రలేని కళ్ళ కింద నలుపు కొంచెం. పోనిదాన్ని అడిగితేనే తాకుతాను. పుట్టుమచ్చ, పులిపిరి, గాటు, ముడతలు, పళ్ళ సందు. పులిపిరి తీసేస్తే "మా నాయనమ్మ కాదు" అని ఏడ్చిన పిల్లని చూశాను. తియ్యకపోతే "ఇంత డబ్బు తీసుకుని ఆ గాటు కూడా పోగొట్టలేదా" అన్న పెద్దమనిషినీ చూశాను. ఎవరి మొహం వాళ్ళిష్టం. అడిగి రాసుకోవడమే మార్గం. సెలెక్షన్ కాగితం మీద ఫోటో నంబరు పక్కన ఒక గడి గీసి పెట్టాను, ఏం తియ్యాలో వాళ్ళ ముందే రాస్తాను.

తెల్లగా చెయ్యమనే వాళ్ళ గురించి కూడా చెప్పాలి, నీకూ రోజుకొకరు తగులుతారు. నేను కాదనను, కానీ మొహం వెలుగు కొంచెమే, అరమెట్టు (హాఫ్ స్టాప్) కన్నా పెంచను. ఒకసారి అల్లూరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆయనకి రొయ్యల చెరువులు, రోజంతా ఎండలోనే. మొహం, మెడ, మోచేతుల కింద నలుపు. చొక్కా చెయ్యి కాస్త పైకి జరిగితే లోపల వేరే రంగు. భార్యాపిల్లలు ఆయన్ని తెల్లగా చెయ్యమన్నారు. మొహం ఒకటే పెంచాను. చేతులు చిన్నదాని భుజం మీద ఉన్నాయి, ఆ సంగతి మర్చిపోయాను. ఆయన ఫ్రేము చూసి, "ఈ చేతులు ఎవరివయ్యా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "నన్ను ఉన్నట్టే ఉంచు, తెల్లగా చెయ్యబాక" అన్నాడు. మళ్ళీ ప్రింటు వేసిచ్చాను, ఖర్చు నాదే. నిజానికి చాలామంది అడిగేది తెలుపు కాదు, వెలుగు. మొహం మీద లైటు సరిగ్గా పడితే సగం మంది ఆ మాటే ఎత్తరు.

పెద్దకర్మ ఫోటోలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఆధార్ కార్డులోంచో, ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచో చిన్న మొహం తెచ్చి రేపటికల్లా పెద్ద ఫ్రేము కావాలంటారు. బనీను మీదున్న మనిషికి చొక్కా వెయ్యమంటారు, వేస్తాం. ఈ మధ్య ఏఐ టూల్స్‌తో పెద్దది చేస్తే మొహం తళతళలాడుతుంది, కానీ లేని వివరాన్ని అది తనే కల్పిస్తుంది. కళ్ళు వేరేవాళ్ళవి అవుతాయి. అవి మనకి తెలియవు, కొడుక్కి తెలుస్తాయి. అందుకే కొంచెం మసకగా ఉన్నా అసలు మొహమే వేస్తాను. ప్రింటుకి పంపేముందు ఇంటివాళ్ళలో ఒకరికి చూపిస్తాను. ఇక పాస్‌పోర్ట్ ఫోటో అయితే మొహం జోలికే పోవద్దు, మచ్చ ఉంటే ఉండనీ.

ప్రింటు సంగతి ఒకటి. కొత్తలో మానిటర్ వెలుగు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేస్తాం, ల్యాబ్ నుంచి ప్రింట్లు నల్లగా వస్తాయి, ల్యాబ్‌వాణ్ణి తిడతాం. వెలుగు తగ్గించుకో. ఒక ఫోటో ప్రింటు వేయించి స్క్రీన్ పక్కన పెట్టుకుని సరిచూసుకో. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వెయ్యాలంటే 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి. బాగా క్రాప్ చేసిన ఫోటో అయితే సెలెక్షన్ అప్పుడే చెప్పెయ్యి, ఇది పెద్ద ఫ్రేముకి రాదని.

ప్రూఫ్‌లు వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు. "ఊళ్ళో మా అన్నయ్య కూడా చూడాలి" అంటారు. పంపిన గంటలో స్టేటస్‌లో ఉంటాయి, నీ పేరుతో, నువ్వింకా చెయ్యని పనితో. అందరూ చూసేశాక కొనేదేముంది? ఆ అన్నయ్యని కూడా స్టూడియోకే తీసుకురమ్మను. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉంటే చిన్న సైజు చేసి, మధ్యలో పేరు వేసి పంపు.

ఎడిట్ చెయ్యని ఫైళ్ళ గురించి అడిగావు. రా ఫైళ్ళు నేనివ్వను. వాటిని వాళ్ళు ఫోన్లో ఏదో యాప్‌లో తెరిచి, ఫిల్టర్ వేసి పెడితే, అది ఎవరు తీశారంటే నా పేరే చెప్తారు. రంగు సరిచేసిన జేపెగ్‌లు అరవైకీ మాత్రం వేరే రేటు పెట్టాను, ఆ రేటు షూట్‌కి ముందే చెప్తాను. షూట్ అయ్యాక చెప్తే గొడవే. అడిగేవాళ్ళకి నిజంగా కావాల్సింది రా ఫైళ్ళు కాదు, ఏదీ పోగొట్టుకోలేదన్న ధైర్యం. మొత్తం జేపెగ్‌లు ఉన్నాయంటే పదిమందిలో ఎనిమిది మంది అక్కడితో ఊరుకుంటారు. మిగతా ఇద్దరితో అర్ధగంట మాట్లాడాల్సి వస్తుంది. పెన్‌డ్రైవ్ వాళ్ళనే తెచ్చుకోమను, మనం ఇచ్చేవి తిరిగి రావు.