సమాధానం: ఖరీఫ్‌లో నిలబడ్డ లైన్లు రబీలో ఎందుకు కుళ్ళాయి?

అన్నా, రెండు ఖరీఫ్‌లు నిలబడ్డ మొక్కజొన్న లైన్లే (హైబ్రిడ్ల తయారీకి పెంచే శుద్ధ వంశాలు) రబీలో మసికుళ్ళుకు (కాండాన్ని లోపల కుళ్ళబెట్టే శిలీంధ్ర తెగులు) పడిపోయాయని రాశారు కదా, అవి తెగులును తట్టుకున్నవి కావు, తప్పించుకున్నవి. పూత దాటాక బెట్ట, వేడి రెండూ తగిలితేనే ఈ శిలీంధ్రం విజృంభిస్తుంది, వానలో మీకది కనిపించలేదంతే.

ఈసారి తెగులును మీరే ఎక్కించండి. టూత్‌పిక్‌లను బాగా ఉడకబెట్టి (చెక్కలో రసాయనాలు పోవాలి), స్టెరిలైజ్ చేసి, వాటి మీద మాక్రోఫోమినా (మసికుళ్ళు తెచ్చే శిలీంధ్రం ఇదే) పెంచి, పూత అయ్యాక కింది కణుపుల మధ్య ఏటవాలుగా గుచ్చి, తర్వాత తడులు తగ్గించండి. కోత ముందు కాండాన్ని నిలువునా చీల్చండి. బెండు పోయి నారలే మిగిలి, వాటి మీద ఆవగింజ కంటే సన్నగా నల్ల చుక్కలుంటే ఆ లైను వదిలేయండి, కుళ్ళు గుచ్చిన చోటే ఆగిపోతే దాచుకోండి. పక్కన తెగులుకు లొంగే రకం ఒక సాలు తప్పనిసరి, అది కుళ్ళకపోతే ఆ ఏడాది స్కోర్లు (ఏ లైను ఎంత కుళ్ళిందో వేసుకున్న మార్కులు) నమ్మొద్దు.

కంకి సరిగా కట్టని మొక్క పచ్చగానే ఉంటుంది, దాన్ని తెగులు తట్టుకున్నదనుకుని చాలామంది మోసపోయేది అక్కడే, గింజ నిండిందో లేదో చూసి మరీ ఎంచుకోండి. ఈ నిరోధకత చాలా జన్యువుల మీద ఆధారపడుతుంది కాబట్టి హైబ్రిడ్‌కు తల్లి, తండ్రి లైన్లు రెండూ గట్టివే పెట్టండి.