స్పీడ్ గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

బైక్ స్పీడ్ రికార్డుల మీద నువ్వు రాసిన డ్రాఫ్ట్ మొత్తం చదివా. చదివిస్తుంది, అందులో డౌట్ లేదు, కాకపోతే మొదటి పేజీలోనే మెరుపు, పిడుగు, తూటా అన్నీ వాడేశావు జాతర్లో మైకు దొరికినోడిలా, తీరా బండి కదిలేసరికి నీ దగ్గర మాటలు మిగల్లేదు.

అమెరికన్ బైక్ రేసర్ రోలీ ఫ్రీ సంగతే చూడు. 1948 సెప్టెంబర్ 13, అమెరికాలో బోనవిల్ ఉప్పు మైదానం, విన్సెంట్ కంపెనీ బైక్, గంటకి 150.313 మైళ్లు, ఇవన్నీ కరెక్టే. కానీ అసలు కథ అంతకు ముందు రన్నుల్లో ఉంది కదా! 147 దాకా వచ్చాడు, గాలి దెబ్బకి ఒంటిమీది లెదర్ డ్రెస్ చిరిగిపోయింది. 150 అందుకోవాలంటే స్పీడ్ ఇంకో మూడు మైళ్లు పెరగాలి. ఏం చేశాడు, ఆ డ్రెస్సే విప్పి పారేశాడు. ఈత నిక్కరు, ఈత టోపీ, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న బూట్లు, అంతే, హెల్మెట్ లేదు గ్లౌజుల్లేవు, బండి మీద బోర్లా పడుకుని కాళ్లు వెనక్కి చాపేసి ఉప్పు మీద వేసిన నల్ల గీత పట్టుకుని పోయాడు. మైలు 24 సెకన్లలోపే అయిపోయింది. నువ్వేమో ఆ 24 సెకన్ల మీద పేజీన్నర రాసి, డ్రెస్ విప్పడాన్ని సగం లైన్లో తేల్చేశావు.

బర్ట్ మన్రో దగ్గరా ఇదే గొడవ. న్యూజిలాండ్ ఆయన, బండి 1920 నాటి ఇండియన్ స్కౌట్ అనే అమెరికన్ బైక్, కొత్తలో అది గంటకి 55 మైళ్లు పోతే గొప్ప. దానికి పిస్టన్లు ఆయనే పాత డబ్బాల్లో పోత పోసుకునేవాడు, కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టర్ యాక్సిల్ లోంచి చెక్కుకునేవాడు. ఆ షెడ్డులో పాఠకుణ్ణి కాసేపు కూర్చోబెట్టు, 1967లో ఆ బండితోనే ఆయన కొట్టిన స్పీడ్ రికార్డు దగ్గరికి వాడే వస్తాడు. అన్నట్టు ఆ రికార్డుకి నువ్వు రాసిన 183.586 మైళ్లు పాత లెక్క, అప్పట్లో సగటు తీయడంలో తప్పు జరిగిందని 2014లో 184.087గా దిద్దారు, అప్పటికి ఆయన పోయి 36 ఏళ్లు. ఇలాంటిది దొరికితే ఫుట్‌నోట్‌లో పడెయ్యకు, కథలోకి తీసుకురా.

1907లో గ్లెన్ కర్టిస్ అనే ఆయన బైక్ మీద గంటకి 136 మైళ్లు పోయిన పేరా మాత్రం తీసెయ్, అక్కడ అతకలేదు.

ఆ జాగా ఇ.జె. పాటర్‌కి ఇవ్వు. మిషిగన్ మనిషి, బైక్‌కి షెవర్లే కారు వి8 ఇంజన్ బిగించాడు, క్లచ్ లేదు గేర్‌బాక్స్ లేదు. మరి స్టార్టింగ్ లైన్ దగ్గర ఎలా కదులుతుంది? వెనక చక్రం గాల్లో ఉండేలా స్టాండ్ వేసి, ఇంజన్ స్పీడ్ పెంచి, గిర్రున తిరుగుతున్న చక్రంతోనే బండిని స్టాండ్ మీంచి కిందకి దించేవాడు, ఇక టైరు పొగ కక్కుకుంటూ పోవడమే. ఈ సీన్లో ఒక్క విశేషణం కూడా పెట్టకుండా రాసి చూడు.

ఆదివారంలోపు పంపించు, ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువుతా.

మీ అన్న